వరి కోతకు ముందే పచ్చిరొట్ట విత్తనం చల్లడం ఎలా?

సార్వా (వానాకాలపు వరి) కోతలు దగ్గరపడే వేళకు రైతులు అడిగే ప్రశ్న ఒకటే. "మాకు దాళ్వాకు (రెండో పంట వరికి) నీరు రాదు. కోత అయ్యాక జనుమో పిల్లిపెసరో చల్లితే మొలుస్తుందా?" చాలా పొలాల్లో మొలవదు. మొలిచినా అక్కడక్కడా పలచగా లేస్తుంది. వరి ఇంకా నిలబడి ఉండగానే, ఆ పైరులోనే విత్తనం చల్లాలి. కృష్ణా, గుంటూరు, బాపట్ల ప్రాంతాల మాగాణుల్లో మినుము ఎప్పటినుంచో ఇలాగే వేస్తున్నారు. అదే పద్ధతిలో నేల కోసం పచ్చిరొట్ట, అంటే నేలకే ఇచ్చేయడానికి పెంచే పచ్చి పైరు, ఎలా వేయాలో ఇక్కడ చెబుతున్నాను.

కారణం ఒక్కటే, పదును, అంటే గింజ మొలవడానికి సరిపడే నేల తడి. పైరు ఉన్నంతవరకు నీడ వల్ల నేల పైపొరలో తడి ఆగుతుంది. కోత అయిన మరునాటి నుంచే ఎండ నేరుగా తగిలి, బరువు నేలల్లో పైన పెచ్చు కడుతుంది. కింద తేమ ఉన్నా పైన పడిన గింజకు అది అందదు. డిసెంబరు నుంచి జూన్ దాకా ఆ మాగాణి నెర్రెలిచ్చి ఖాళీగా పడి ఉండటం నాకు కష్టంగా తోస్తుంది. అక్కడ ఒక పంట వేరు దిగడానికి సరిపడా తేమ నేలలోనే ఉంటుంది. దాన్ని వాడుకునే గడువు మాత్రం నాలుగైదు రోజులకు మించదు.

ఏ విత్తనం ఎంచుకోవాలి

పశువులు ఉన్నవారికి పిల్లిపెసర మంచిది. నేల మీద పాకి కప్పేస్తుంది, ఒకసారి కోసినా మళ్లీ చిగురిస్తుంది. ఎకరాకు 6 నుంచి 8 కిలోలు చాలు.

ఎక్కువ రొట్ట, లోతైన వేరు కావాలంటే జనుము. ఎకరాకు 12 నుంచి 15 కిలోలు పడుతుంది. చలికాలంలో పగటి వేళ తక్కువ కాబట్టి వానాకాలపు జనుమంత ఎత్తు రాదు, అది చూసి నిరుత్సాహపడవద్దు. నీరు నిలిచే పల్లపు మడుల్లో మాత్రం జనుము వేయకండి. మొదళ్లలో ఒకటి రెండు రోజులు నీరు నిలిస్తే పసుపెక్కి పోతుంది.

ఈ రెండూ కలిపి చల్లవచ్చు. సగం సగం తూకం తీసుకుంటే జనుము నిలువుగా లేస్తుంది, పిల్లిపెసర దాని కింద నేలను మూస్తుంది. నేనైతే మొదటిసారి వేసేవారికి ఈ మిశ్రమాన్నే సూచిస్తాను. ఏదో ఒకటి దెబ్బతిన్నా రెండోది మిగులుతుంది.

జీలుగ గురించి కూడా చాలామంది అడుగుతారు. చౌడును, నీటి ముంపును తట్టుకోవడంలో దానికి సాటి లేదు. కానీ దాని కాలం వేసవి చివర, వానల మొదట్లో. చలికాలంలో పొట్టిగా ఉండి తొందరగా పూతకు వస్తుంది. తెలంగాణలో యాసంగి వరి కోసిన తర్వాత, బోరు కింద ఒక తడి ఇచ్చుకోగలిగిన చోట మే నెలలో చల్లుకోవడానికి అదే సరైనది.

మినుము కూడా పప్పుజాతి పంటే కదా అంటారు. నిజమే, కానీ గింజ కోసం మొక్కలు పీకి కళ్లానికి తీసుకుపోతే నేలకు మిగిలేది రాలిన ఆకే. ఆదాయం కావాలంటే మినుము వేయండి, అందులో తప్పు లేదు. నేల బాగు కోసం అనుకున్న మడిలో మాత్రం రొట్ట నేలకే దక్కాలి.

సిద్ధం చేసుకోవలసినవి

విత్తనం. ప్రతి 8–10 కిలోల విత్తనానికి 200 గ్రాముల రైజోబియం కల్చర్ పొట్లం ఒకటి (వేళ్ల బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే సూక్ష్మజీవుల పొడి ఇది; మినుము, పెసరకు వాడేదే జనుముకూ పిల్లిపెసరకూ పనిచేస్తుంది). కొద్దిగా బెల్లం. సన్నజల్లెడ. నానబెట్టడానికి బకెట్లు, ఆరబెట్టడానికి గోనె పట్టాలు. మురుగు బోదెలు తీయడానికి పార. తూకానికి చిన్న కాటా. ఇవి కాక, వరికోత యంత్రం ఏ రోజు వస్తుందో ఖాయంగా తెలియాలి. దానిని బట్టే అన్ని రోజులూ లెక్క వేసుకోవాలి.

చేసే విధానం

1. కోతకు పదిహేను రోజుల ముందు: మొలక చూడండి.

వంద గింజలు లెక్కపెట్టి తడి గోనెసంచి ముక్కలో వరసగా పేర్చి, చుట్టి నీడలో ఉంచండి. ఆరకుండా నీళ్లు చిలకరించండి. జనుము మూడు నాలుగు రోజుల్లో తేలిపోతుంది. పిల్లిపెసరకు వారం ఇవ్వండి, దానిలో గట్టి గింజలు ఉంటాయి. 80కి పైగా మొలిస్తే చెప్పిన మోతాదు చాలు. 60–70 మధ్య ఉంటే నాలుగో వంతు పెంచండి. అంతకన్నా తక్కువైతే ఆ విత్తనం వెనక్కి ఇచ్చేయండి.

ఇదే సమయంలో జల్లెడ పట్టండి. బంగారు తీగ (మొక్కలను చుట్టుకుని వాటి సారం పీల్చే కలుపు) విత్తనం ఈ పంటలతోనే పొలంలోకి వస్తుంది. కృష్ణా డెల్టా మినుము రైతులకు దాని సంగతి చెప్పనక్కరలేదు. పిల్లిపెసర గింజే చిన్నది కాబట్టి రెండుసార్లు పట్టండి. జల్లెడ కింద పడిన పొట్టును దిబ్బ మీద పోయకుండా కాల్చేయండి.

2. పది పన్నెండు రోజుల ముందు: నీరు తీసేయండి, బోదెలు తీయండి.

బరువు నేలల్లో కాస్త ముందు, తేలిక నేలల్లో వారం ముందు నీరు పెట్టడం ఆపేయాలి. మడి పల్లపు మూల నుంచి మురుగు కాలువ దాకా అడుగు వెడల్పున బోదె తీయండి. ఇది అనవసరపు శ్రమ అనిపిస్తుంది, కానీ మన తీరంలో నవంబరు, డిసెంబరు తుపాన్ల నెలలు. 2023లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న, సరిగ్గా ఈ విత్తనాలు నేలలో ఉండే రోజుల్లో. మొలకెత్తుతున్న గింజ మీద ఒక రోజుకు మించి నీరు నిలిస్తే ఇక దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

3. నాలుగైదు రోజుల ముందు నుంచి: రోజూ పదును చూడండి.

మొత్తం పనిలో అసలు కీలకం ఇదే. చెప్పులు విప్పి పైరులోకి దిగండి. మడమ గట్టిగా నొక్కి తీయండి. అడుగు ముద్ర అర అంగుళం లోతున స్పష్టంగా పడి, రెండు నిమిషాలైనా అందులోకి నీరు ఊరకపోతే పదును సరిపోయింది. మడమ జారి, గుంటలో నీరు చేరితే ఇంకా ఒకటి రెండు రోజులు ఆగాలి. ముద్ర పడక పైన పెచ్చు చిట్లితే ఆలస్యమైపోయింది.

గట్టు మీద నిలబడి చూసి నిర్ణయించకండి, గట్టు పక్కన నేల ఎప్పుడూ ముందే ఆరుతుంది. మడి మధ్యలో, పల్లపు మూలలో, మెరక వైపు, కనీసం ఐదు చోట్ల చూడండి. మెరక ఆరి పల్లం తడిగా ఉంటే రెండు దఫాలుగా చల్లండి. ముందు మెరక, రెండు రోజులకు పల్లం.

పైన చిట్లినా కింద తేమ ఉండి, కాలువలో ఇంకా నీరు ఉంటే పలచగా ఒక తడి పెట్టి వెంటనే తీసేయండి. ఆ తర్వాత యంత్రం దిగడానికి నేల ఆరాలి కాబట్టి కోత మూడు నాలుగు రోజులు వెనక్కి జరుగుతుంది. పైరు గింజ రాలే దశకు వచ్చి ఉంటే ఈ పని చేయకండి. రొట్ట కోసం చేతికొచ్చిన ధాన్యాన్ని పోగొట్టుకోమని ఎవరికీ చెప్పను.

4. చల్లే ముందు రోజు: నానబెట్టాలా, వద్దా?

నేల సరిగ్గా పదునులో ఉంటే జనుమును పొడిగానే చల్లండి. నేల కొంచెం ఆరినట్టు ఉంటే ఏడెనిమిది గంటలు నానబెట్టి, నీరు వంచి, గోనె మీద నీడలో పొడిపొడిగా రాలేదాకా ఆరబెట్టండి. పిల్లిపెసరను ఎలాగూ నానబెట్టడమే మేలు. వాన సూచన ఉంటే మాత్రం నానబెట్టవద్దు, చల్లడం కూడా వాయిదా వేయండి.

చల్లే ముందు బెల్లం నీళ్లు చేతికి జిగురు తగిలేలా కాచి, పూర్తిగా చల్లార్చి, గింజలకు పట్టించి, ఆపైన కల్చర్ పొడి కలిపి నీడలో ఆరనివ్వండి. వేడి పాకంలో, ఎండలో కల్చర్ చచ్చిపోతుంది. విత్తనశుద్ధి మందు పట్టించేవారు ముందు మందు పట్టించి, అది ఆరిన తర్వాతే కల్చర్ వేయాలి. పశువులు మేసే మడిలో మందు లేకుండానే చల్లుకోండి.

5. చల్లే రోజు.

చేతికోత అయితే కోతకు రెండు మూడు రోజుల ముందు చల్లండి. యంత్రంతో కోత అయితే ముందు రోజు సాయంత్రం, లేదా అదే రోజు మంచు ఆరాక. ఈ తేడా గట్టిగా గుర్తుంచుకోండి. మొలక బయటికి వచ్చిన తర్వాత యంత్రం చైన్ల కింద పడితే విరిగిపోతుంది. మొలకెత్తని గింజను మాత్రం ఆ బరువే నేలలోకి నొక్కి మేలు చేస్తుంది. పాత లెక్కన మూడు రోజుల ముందు చల్లి, తర్వాత యంత్రం దింపి, మొలకలు పోయాయని బాధపడేవారు ఏటా ఉంటారు.

విత్తనాన్ని రెండు సమాన భాగాలు చేయండి. మొదటి భాగం తూర్పు పడమరలుగా నడుస్తూ, రెండో భాగం ఉత్తర దక్షిణాలుగా నడుస్తూ చల్లండి. అంతా ఒకే దిశలో చల్లితే చారలు చారలుగా లేస్తుంది. మంచు తడి ఆకుల మీద ఉండగా చల్లితే గింజలు ఆకులకు, వెన్నులకు అంటుకుని కోతతో పాటే వెళ్లిపోతాయి. చల్లాక పైరును ఒక కర్రతో మెల్లగా కదిలిస్తూ వెళితే గింజ కిందికి రాలుతుంది. వడ్లు కూడా రాలుతున్నాయనిపిస్తే ఆపేయండి.

పైరు పడిపోయిన చోట చల్లకండి, గింజ నేలకు చేరదు. ఆ భాగానికి విత్తనం పక్కన పెట్టి, కోసిన రోజే, గడ్డి తీసిన వెంటనే చల్లండి.

6. కోత రోజు.

కొయ్యకాళ్లు జానెడుకు మించకుండా కోయమని డ్రైవరుకు ముందే చెప్పండి. అడుగు పైన వదిలితే వాటి నీడలో మొలకలు సన్నగా సాగిపోయి, గాలికి వాలిపోతాయి. యంత్రం ఒకే దారిలో మలుపులు తిరిగేలా చూడండి. మలుపుల దగ్గర నేల ఎలాగూ చితుకుతుంది, ఆ మేరకు కొంత విత్తనం మిగుల్చుకుంటే సాయంత్రం మళ్లీ చల్లవచ్చు.

7. గడ్డి.

యంత్రం వెనుక గడ్డి వరసలుగా పడుతుంది. ఆ వరసల కింద ఏదీ లేవదు. అదే రోజు, లేదంటే మరునాడు పంగల కర్రతో పలచగా పరిచేయండి. నేల లీలగా కనిపించేంత పలచగా ఉంటే గడ్డి తేమను కాపాడుతుంది. గడ్డి కట్టలు కట్టించుకునేవారు రెండు రోజుల లోపే ఆ పని ముగించాలి. వారం తర్వాత ట్రాక్టరు తెచ్చి కట్టలు కట్టిస్తే, అప్పుడే రెండాకులు వేసిన మొలకలన్నీ టైర్ల కింద పోతాయి.

చేతికోతలో పనలు ఆరేదాకా మడిలోనే ఉంటాయి. నాలుగో రోజు ఒక పన ఎత్తి చూడండి. కింద మొలకలు తెల్లటి దారాల్లా సాగి కనిపిస్తే వెంటనే పనలు కట్టి గట్టుకు చేర్చండి, లేదా ఇంకో సాలులోకి తిరగవేయండి. తీసిన రెండు రోజుల్లో అవి పచ్చబడతాయి. ఇంకో మూడు రోజులు అలాగే ఉంచితే కుళ్లిపోతాయి.

కొయ్యకాళ్లకు నిప్పు పెట్టడం సంగతి వేరే చెప్పాలా? మొలకలున్న మడిలో ఎవరూ పెట్టరు, కానీ పక్క మడి వారు పెట్టే నిప్పు గట్టు దాటి వస్తుంది. ముందే వారితో మాట్లాడండి.

8. పశువులు.

కోతలయ్యాక ఊరి పశువులన్నీ మాగాణుల మీదే ఉంటాయి. చుట్టూ ఖాళీ పొలాలుండి మీ మడి ఒక్కటే పచ్చగా ఉంటే కాపాడటం కష్టం. పక్కపక్క రైతులు నలుగురైదుగురు కలిసి ఒకే వరసలో వేసుకోండి. కంచె ఖర్చు కన్నా ఆ ఒప్పందమే ఎక్కువ పనిచేస్తుంది.

మొలిచాక ఏమి చూడాలి

పదో రోజున మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం ఒకటి కర్రలతో కట్టి, మడిలో ఐదు చోట్ల వేసి మొక్కలు లెక్కపెట్టండి. మినుము రైతుకు చదరపు మీటరుకు 30 మొక్కలు ఉంటే తృప్తి. రొట్టకు అంతకన్నా ఒత్తుగా, 50 దాకా ఉండాలి. 20 లోపు ఉన్న చోట, నేలలో ఇంకా తడి ఉంటే, నానబెట్టిన విత్తనాన్ని కర్రతో చిన్న గుంటలు చేసి రెండేసి గింజలు వేయండి. నేల ఆరిపోయి ఉంటే మళ్లీ చల్లి విత్తనం వృథా చేయకండి.

నెల రోజులకు నాలుగైదు మొక్కలను పారతో మట్టిగడ్డతో సహా తవ్వి తీయండి. లాగకండి, లాగితే వేళ్ల మీది బుడిపెలు నేలలోనే రాలిపోతాయి. వేళ్లను నీటిలో మెల్లగా కడిగి, ఒక బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే నత్రజని పని జరుగుతోంది. తెల్లగా, పచ్చగా ఉంటే పని మొదలు కాలేదు లేదా అయిపోయింది. బుడిపెలే లేకపోతే వచ్చే ఏడు కల్చర్ కొనే చోటు మార్చండి, పొట్లం మీద గడువు తేదీ చూసి తీసుకోండి.

బంగారు తీగ కోసం మూడో వారం నుంచి పొలం తిరగండి. ఆకు లేని పసుపు దారం మొక్కను చుట్టుకుని కనిపిస్తే, తీగను విడదీసే ప్రయత్నం చేయకుండా మొక్కతో సహా పీకి గట్టు మీద ఎండబెట్టి కాల్చండి. చిన్న ముక్క మిగిలినా మళ్లీ అల్లుకుంటుంది. కాయ పట్టిన తీగను మేతలో కలిపితే పేడతో పాటు ఆ విత్తనం ఊరంతా చేరుతుంది. ఎక్కువగా వచ్చిన మడిలో రెండు మూడేళ్లు ఈ పంటలు మాని, దున్నకుండా మొక్కజొన్నో జొన్నో వేసుకోండి. గడ్డిజాతి పంటల మీద అది బతకదు.

రొట్టను ఎప్పుడు, ఎలా నేలకు ఇవ్వాలి

సగం మొక్కలు పూతకు వచ్చినప్పుడు, అంటే సుమారు 45–50 రోజులకు, రొట్ట లేతగా, నత్రజని ఎక్కువగా ఉంటుంది. అది దాటితే జనుము కాండం నార తేలి, రోటవేటరుకు చుట్టుకుంటుంది, కుళ్లడానికి నెలలు పడుతుంది.

అయితే జనవరి, ఫిబ్రవరిలో డెల్టా బరువు నేలను దున్నడం కుదరదు, గడ్డలు లేస్తాయి. నీరు లేనివారు కొడవలితో నేలకు దగ్గరగా కోసి అక్కడే పరిచేయండి. పైన ఆరిన ఆకులో కొంత నత్రజని గాలిలోకి పోతుంది, నిజమే. అయినా వేరు లోపలే ఉంటుంది, నేల మీద కప్పు ఉంటుంది, నెర్రెలు తగ్గుతాయి. చిరుజల్లులు పడి పదును దొరికిన చోట రోటవేటరుతో కలియదున్నవచ్చు. అప్పుడు ఎకరాకు 50 కిలోల సూపర్ ఫాస్ఫేట్ చల్లితే రొట్ట త్వరగా చివుకుతుంది. వేసవి దాకా నిలబెట్టిన పిల్లిపెసరను దమ్ములో కలిపేవారు నాట్లకు కనీసం 10–15 రోజులు గడువు ఇవ్వండి. చివకని రొట్ట మీద నాటితే నారు పసుపెక్కి తిప్పుకోదు.

మేతకు వాడుకునేవారికి ఒక్క మాట. మొదటి కోత పశువులకు, మలి చిగురు నేలకు అన్న లెక్క పెట్టుకోండి. పిల్లిపెసరను నాలుగు వేళ్ల ఎత్తు వదిలి కోయండి. ఖాళీ కడుపుతో ఉన్న పశువుకు పచ్చి మేత ఒక్కటే వేస్తే పొట్ట ఉబ్బుతుంది, ఎండుగడ్డి కలిపి పెట్టండి. జనుము కాయ పట్టాక మేతకు పనికిరాదు, గింజలో విషం ఉంటుంది.

ఎంత లాభం జరిగిందో లెక్క

చట్రం వేసి ఒక చదరపు మీటరు రొట్ట కోసి తూచండి. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు కాబట్టి, ఒక కిలో తూగితే ఎకరాకు సుమారు 4 టన్నులు. అందులో ఎండు పదార్థం ఐదో వంతు అనుకుంటే 800 కిలోలు, దానిలో నత్రజని రెండున్నర శాతం చొప్పున 20 కిలోలు. ఒక 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది కూడా దాదాపు అంతే. కానీ అదంతా ఒకే పంటకు అందదు. మొదటి ఏడు బస్తా మొత్తం తగ్గించకుండా, నాటాక ఆకుల రంగు పట్టికతో (ఆకు పచ్చదనాన్ని పోల్చి నత్రజని అవసరం తెలుసుకునే పట్టీ) చూసుకుంటూ పైపాటు ఎరువులో కోత పెట్టండి.

నేల మారిందా అన్నది చూడటానికి రొట్ట వేసిన మడి నుంచి ఒక గడ్డ, వేయని మడి నుంచి ఒక గడ్డ తెచ్చి నీడలో ఆరబెట్టి, రెండు గాజు గ్లాసుల నీళ్లలో వేయండి. సేంద్రియ పదార్థం ఉన్న గడ్డ నిలబడుతుంది, లేనిది నిమిషాల్లో విచ్చిపోయి నీరు బురదవుతుంది. మొదటి ఏడాదిలో తేడా స్వల్పంగానే ఉంటుంది. మట్టి పరీక్షలో సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపు ఉంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ అంటారు. ఆ అంకె ఒక్క పంటతో కదలదు. మూడేళ్లు వేశాక, అదే నెలలో, అదే మడి నుంచి, అదే 15 సెంటీమీటర్ల లోతున మట్టి తీయించి పోల్చండి.

ఇక విత్తనం సంగతి. ఏటా కొనే బాధ లేకుండా మెరక మీద ఐదు సెంట్ల పిల్లిపెసరను కోయకుండా వదిలేయండి. కాయలు ఎండితే చిట్లి రాలిపోతాయి కాబట్టి నల్లబడ్డవాటిని విడతలు విడతలుగా, పొద్దున్నే మంచు ఆరకముందు కోసుకోండి. రెండు మూడు రోజులు ఎండబెట్టి కొట్టి, జల్లెడ పట్టి, పంటికింద గింజ పటుక్కున విరిగేదాకా ఆరాక డబ్బాలో పోసి మూత బిగించండి. దాని మీద ఏ మడిలోదో, ఏ సంవత్సరానిదో రాసి అంటించండి.